దశాంశ గణితోపదేశకుడు సైమన్ స్టెవిన్

భిన్నములు, దశాంశములు, శాతములు అను మూడు పేరులు వినినంతనే మా విద్యార్థులలో పలువురి ముఖములు వాడిపోవుట మేము ఏటేట చూచుచున్నాము. 0.125, 0.5 అను సంఖ్యలలో ఏది పెద్దదని యడిగినచో, నూట యిరువదియైదు ఐదుకంటె పెద్దది గనుక మొదటిదే పెద్దదని చెప్పువారు ప్రతి తరగతియందును గలరు. చాలకాలము మేము దానిని అశ్రద్ధ యనుకొని మందలించుచు వచ్చితిమి. నాలుగు శతాబ్దములకు పూర్వము జీవించిన యొక లెక్కల గుమాస్తా చరిత్రమును చదివిన పిమ్మట, తప్పు బాలునిది మాత్రమే కాదనియు, మేము బోధించిన విధముననే కొరత గలదనియు గ్రహించితిమి. ఆ గుమాస్తా సైమన్ స్టెవిన్.

స్టెవిన్ 1548వ సంవత్సరమున ఫ్లాండర్సు దేశమందలి బ్రూజ్ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు బెల్జియము దేశములో నున్నది. యౌవనమున ఇతడు ఆంట్‌వర్పు రేవుపట్టణమున వర్తకుల లెక్కలు వ్రాయుచు జీవించెను. పోలండు, ప్రష్యా, నార్వే దేశములను చూచివచ్చెను. 1577లో బ్రూజ్ ప్రాంతపు పన్నుల కచేరీలో ఉద్యోగమున ప్రవేశించెను. 1581లో ఉత్తరమున నున్న లైడెన్ నగరమునకు తరలిపోయి, 1583లో అచ్చటి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా పేరు వ్రాయించుకొనెను. అప్పటి కతని వయస్సు సుమారు ముప్పదియైదేండ్లు. తనకంటె ఎంతో చిన్నవారి ప్రక్కన కూర్చుండి చదువుకొనుటకు అతడు సంకోచింపలేదు.

ఆ కాలపు గుమాస్తా పని యెంత కష్టమైనదో మనము ఊహించుకొనవలెను. ఊరూరికి నాణెములు వేరు, తూనికలు వేరు, కొలతలు వేరు. ఒక నాణెము మరియొక దానిలో పండ్రెండవ వంతు, అది యింకొక దానిలో ఇరువదవ వంతు. ఏ చిన్న లెక్కకైనను హారములను సమానము చేయక తప్పదు. ఎనిమిదింట అయిదు వంతులకు ఇరువదింట ఏడు వంతులు కలుపవలెనన్న, ముందుగా నలుబది యను సామాన్య హారమును వెదకి, 5/8ని 25/40 గాను, 7/20ని 14/40 గాను మార్చి, తుదకు 39/40 అని తేల్చవలెను. దినమునకు ఇట్టివి అనేకములు చేయువాని కన్నులు, ఓపికయు ఏమగును? ఒక్క పొరపాటునకు వర్తకుడు నష్టపోవును; గుమాస్తా తన జీవనమును కోల్పోవును.

వడ్డీ లెక్కలు మరింత చిక్కైనవి. నూరు రూపాయలకు నూటికి పది వంతున చక్రవడ్డీ కట్టినచో మొదటి యేట 110, రెండవ యేట 121, మూడవ యేట 133 రూపాయలపై పదవ వంతు వచ్చును. ఆపై భిన్నములు పెరుగుచునే యుండును. వీని పట్టికలను వేసికొనిన ధనవ్యాపారులు వానిని వ్రాతప్రతులలో రహస్యముగా దాచుకొనుచుండిరి. అప్పుచేసినవాడు తాను చెల్లింపవలసినది ఇంతయని తానై తెలిసికొను మార్గము లేకుండెను. స్టెవిన్ 1582లో వడ్డీ పట్టికలను అచ్చువేయించి ఆ రహస్యమును వెల్లడి చేసెను. అందొక యుపాయము గలదు. అసలు ఒక కోటి యనుకొని అతడు లెక్కించెను. అంత పెద్దసంఖ్యలో చివర మిగులు భిన్నమును విడిచిపెట్టినను చెప్పుకొనదగిన నష్టము లేదు. భిన్నములను తప్పించుకొను ఈ యుపాయమే మరి మూడేండ్లకు గొప్ప ఫలము నిచ్చెను.

1585లో లైడెన్ నగరమున అతని చిన్న పుస్తక మొకటి వెలువడెను. దాని పేరునకు పదవ వంతు అని యర్థము. నలుబది పుటలైనను లేని యా పుస్తకమును అతడు పండితులకు మాత్రమే యంకితము చేయలేదు. నక్షత్రములను గుణించువారు, భూమిని కొలుచువారు, తివాసుల గుడ్డను కొలుచువారు, ద్రాక్షారసపు పీపాలను కొలుచువారు, ఘనపరిమాణములను లెక్కించువారు, టంకశాలాధికారులు, వర్తకులు — వీరందరిని పేరుపేరున సంబోధించెను. ఒకట్లకు కుడిప్రక్కను పదవ వంతులు, ఆపై నూరవ వంతులు, ఆపై వేయవ వంతులు వరుసగా వ్రాసికొనినచో, భిన్నముల లెక్కలన్నియు పూర్ణసంఖ్యల లెక్కలవలెనే సాగునని అందు నిరూపించెను. అదే సంవత్సరమున ఫ్రెంచి భాషలోను, 1608లో ఇంగ్లీషులోను అది వెలువడెను.

అతడు మనవలె చుక్క పెట్టలేదు. ప్రతి అంకె ప్రక్కను దాని స్థానమును దెలుపు సంఖ్యను వలయములో వ్రాసెను. మనము 27.847 అని వ్రాయుదానిని అతడు 27⓪ 8① 4② 7③ అని వ్రాసెను. సున్న గల వలయము ఒకట్లకు, ఒకటి గలది పదవ వంతులకు, రెండు గలది నూరవ వంతులకు గుర్తు. 27.847, 37.675, 875.782 — ఈ మూడింటిని ఒకదాని క్రింద నొకటి యుంచి, మామూలుగా కూడి 941.304 అని చూపెను. సామాన్య హారము కొరకు వెదకులాట లేదు.

చదువుట కిది మోటుగా దోచవచ్చును. కాని మా తరగతిలో దీనిని పరీక్షించి చూచితిమి. 0.5ను 5① అనియు, 0.125ను 1① 2② 5③ అనియు నల్లబల్లపై వ్రాసి, పదవ వంతులు ఎవరి కెక్కువ గలవని యడిగితిమి. మునుపు తప్పు చెప్పిన బాలుడే లేచి, మొదటివానికి అయిదు, రెండవవానికి ఒకటియే, కాబట్టి మొదటిదే పెద్దదని చెప్పెను. అంకె తన యింటి పేరును తానే చెప్పుకొనుచుండగా పొరపడుట కష్టము. మనము పెట్టు చుక్క సుళువైన గుర్తే. కాని అది స్థానముల పేరులను దాచివేయును. ఆ పేరులను నేర్పక చుక్కను జరుపుట మాత్రమే నేర్పినచో, బాలునకు దక్కునది మంత్రమే గాని జ్ఞానము గాదు.

దశాంశములను మొదట కనుగొనినవాడు స్టెవిన్ అని చెప్పుట న్యాయము గాదు. స్థానమును బట్టి అంకెకు విలువ యను పద్ధతి మన భారతదేశమున వికసించి, అరబ్బుల మూలమున పశ్చిమమునకు జేరెను. 952 ప్రాంతమున డెమాస్కసులో అల్ ఉక్లీదిసియు, 1427లో సమర్ఖండులో అల్ కాషీయు దశాంశ భిన్నములను వాడియుండిరి. ఐరోపాయందు వానిని సామాన్యులందరికి అందునట్లు బోధించుటయే స్టెవిన్ ఘనత.

ఈ బోధనాకాంక్ష అతని జీవితమంతట గానవచ్చును. పండితులు లాటిన్‌లోనే వ్రాయు ఆ దినములలో అతడు తన మాతృభాషయైన డచ్చిని చేపట్టెను. అందు గణితమునకు పేరు లేకుండగా, నిశ్చయమైన దాని విద్య యను నర్థము వచ్చునట్లు విస్కుండె అను పదమును కల్పించెను. నేటికిని డచ్చివారు గణితమును ఆ పేరుననే పిలుచుచున్నారు. నసౌ ప్రభువైన మారిస్ అతనికి శిష్యుడయ్యెను. ఆ ప్రభువు గురువు వ్రాసియిచ్చిన పాఠములను యుద్ధయాత్రలందును వెంట గొనిపోవుచు, అవి పోవునేమోయని భయపడుచుండుటచే, 1605 మొదలు 1608 వరకు అవి అచ్చువేయబడెను. 1600లో లైడెన్ నందు ఇంజనీర్ల పాఠశాల నెలకొల్పినపుడు అందలి పాఠక్రమమును స్టెవినే యేర్పరచెను. అచ్చట బోధన డచ్చిలో జరిగెను. విద్యార్థులు బల్లలకడ నేర్చినదానిని పొలములకు బోయి కొలిచి సరిచూచుకొనవలెను.

ఒకటి రెండవదానికి పదిరెట్లు బరువుగల సీసపు గుండ్లను ముప్పది యడుగుల యెత్తునుండి జారవిడిచి, రెండును ఒకేసారి నేల దాకుటను డెల్ఫ్ట్ నగరమున స్నేహితునితో గలసి పరీక్షించి, 1586లో ప్రకటించినవాడును ఇతడే. కోటలు, తూములు, మరలు మొదలగు వానిని గూర్చి యింకను ఎన్నియో వ్రాసి, వార్ధక్యమున వివాహమాడి, నలుగురు బిడ్డలను బడసి 1620లో మరణించెను.

అతని కోరిక యొకటి మాత్రము తన కాలమున నెరవేరలేదు. నాణెములు, తూనికలు, కొలతలు అన్నియు పదింతల లెక్కన నుండవలెనని ఆ చిన్న పుస్తకము చివరనే అతడు కోరియుండెను. నాణెముల విషయమున అమెరికా 1792లోను, తూనికల కొలతల విషయమున ఫ్రాన్సు 1795లోను అట్లు చేసెను. మన దేశమున రూపాయికి పదునారణాలు, అణాకు పండ్రెండు పైలుగా నుండిన లెక్క 1957 ఏప్రిల్ 1వ తేదీన పోయి, రూపాయికి నూరు నయాపైసలు వచ్చినవి. రూపాయలు, అణాలు, పైలు వేర్వేరు వరుసలలో కూడి, పండ్రెండింటను పదునారింటను భాగించిన పెద్దల నడుగుడు. స్టెవిన్ చేసిన మేలు వారు చెప్పగలరు.

విద్యార్థులారా! మొదట చెప్పిన 39/40ని మరల చూడుడు. పదవ వంతులుగా విప్పినచో అది 0.975, హారమును నూరు చేసినచో నూటికి 97½. సంఖ్య యొక్కటే, వేషములు మూడు. తలిదండ్రులారా! మీ బిడ్డ ఈ లెక్కలయందు తడబడినచో మందబుద్ధి యని నిందింపకుడు. అంగడిలో తీసిన చీటీని, బ్యాంకు వడ్డీ కాగితమును వాని ముందుంచి, ఆ వేషములను గుర్తింపజేయుడు. మేమును మా నల్లబల్లపై ప్రతి అంకెకు దాని యింటి పేరు వ్రాసియే ముందునకు సాగుదుము. తాను పడిన శ్రమను తరువాతివారు పడకుండుటకై దారివేసిన యా గుమాస్తాకు, ఉపాధ్యాయులమైన మేము చెల్లింపగల ఋణము ఇదియే.