నాదశిల్పి లియో ఫెండర్

లోకమున కొందరు తాము తలపెట్టిన కార్యమును సాధించి కీర్తి గాంచుదురు. మరికొందరు నిర్మించిన వస్తువునకు, వారు ఎన్నడును కోరని గుణమువలన ఖ్యాతి కలుగును. విద్యుత్ గిటారులను, వాని ధ్వనిని పెంచు ఆంప్లిఫయరులను నిర్మించిన లియో ఫెండర్ ఈ రెండు విధములుగను ప్రసిద్ధుడయ్యెను.

ఆయన 1909 ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, నారింజతోట పెంచు రైతు కుటుంబమున జన్మించెను. ఎనిమిదవ యేట కణితి కారణముగా ఎడమకన్ను పోయి, గాజుకన్ను పెట్టుకొనవలసివచ్చెను. బాల్యమునుండి రేడియోలనిన ప్రీతి యుండినను, కళాశాలలో చదివినది జమాఖర్చుల విద్య. మనలో అనేకులవలె ఆయనయు సర్కారు కొలువున చేరి, రాష్ట్ర రహదారుల శాఖలో లెక్కలు వ్రాసెను. ఆర్థికమాంద్యపు రోజులలో ఆ కొలువు పోయెను. పిదప ఒక టైర్ల కంపెనీలో దొరికిన పనియు నిలువలేదు. తుదకు 1938లో 600 డాలర్లు అప్పుచేసి, ఫుల్లర్టను పట్టణమున రేడియో మరమ్మతు దుకాణము తెరచెను.

వాద్యగాండ్రు చెడిన ఆంప్లిఫయరులను ఆ దుకాణమునకు తెచ్చుచుండిరి. ఫెండరునకు గిటారు వాయించుట రాదు, జీవితాంతమును నేర్వలేదు. కావున వాయించువారి మాటయే ఆయనకు ప్రమాణమయ్యెను. వారి సాధకబాధకములు విని, చేసినదానిని వారిచేత పరీక్షింపజేసి, మరల దిద్దుచుండెను. 1951 నాటికి టెలికాస్టర్ గిటారును, ప్రెసిషన్ బేస్‌ను, 1954లో స్ట్రాటోకాస్టరును లోకమున కందించెను.

ఆయన చేసిన ఆంప్లిఫయరులు వాల్వులతో పనిచేయునవి. పాతకాలపు రేడియోలను ఎరిగిన పెద్దలకు, మీట త్రిప్పిన కొంతసేపటికి లోపల ఎర్రగా వెలుగు గాజుబుడ్లు జ్ఞాపకముండును. అవియే వాల్వులు. వానికొక మితి కలదు. సంకేతము ఆ మితి దాటినప్పుడు ధ్వనితరంగముల శిఖరములు అణగును. మూలస్వరమునకు పైస్థాయి స్వరములు తోడై నాదము గరుకెక్కును. ఫెండర్ దృష్టిలో అది దోషము. ఎంత హెచ్చించినను స్వచ్ఛముగా పలుకు ఆంప్లిఫయరును నిర్మింపవలెనని ఆయన సంవత్సరముల తరబడి శ్రమించెను.

వాద్యగాండ్రకు మాత్రము ఆ గరుకుతనమే ప్రియమయ్యెను. వారు మీటలను తుదివరకు త్రిప్పి దానిని రాబట్టుచుండిరి. 1962లో లండనులో జిమ్ మార్షల్, ఫెండర్ వారి బాస్‌మన్ ఆంప్లిఫయరును ఒజ్జబంతిగా గొని తన తొలి యంత్రమును నిర్మించెను.

అయితే అంతటి హోరు అన్నిచోట్ల పనికిరాదు. కనుక కాలితో నొక్కు చిన్న పెట్టెలు వచ్చెను. వీనిలో బూస్టు పెడలు గిటారు సంకేతమును బలపరచి, తొలి వాల్వును మితి దాటించును. ఓవర్‌డ్రైవు పెడలు తానును కొంత గరుకుతనము చేర్చును. వానిలో ప్రసిద్ధమైన ట్యూబ్ స్క్రీమర్ మంద్రమును తగ్గించి మధ్యస్వరములను ముందునకు తెచ్చును. ఆంప్లిఫయరును గరుకెక్కు అంచున నిలిపి, పెడలులో గరుకును తగ్గించి, బలమును హెచ్చించుట అనుభవజ్ఞుల పద్ధతి. అప్పటికే వాల్వులు పూర్తిగా నిండియున్నచో ధ్వని పెద్దది కాదు. చిక్కబడి, స్వరము దీర్ఘముగా నిలుచును. స్టీవీ రే వాన్ ఫెండర్ ఆంప్లిఫయరులను ట్యూబ్ స్క్రీమరుతో మేళవించియే ప్రఖ్యాతి నొందెను.

అనారోగ్యమువలన ఫెండర్ 1965లో తన సంస్థను సి.బి.ఎస్. వారికి 130 లక్షల డాలర్లకు విక్రయించెను. ఆరోగ్యము కుదుటపడగనే మరల పనిలో దిగి, 1991 మార్చి 21న మరణించువరకును గిటారులను మెరుగుపరచుటయందే నిమగ్నుడై యుండెను. ఆయన వారింపజూచిన ధ్వనియే ఆయన పేరును ఖండాంతరములకు మోసికొనిపోయెను. ఐనను అందు వింత లేదు. వాయించువారి చెవికే విలువ నిచ్చినవాడు, వారు తన యంత్రమునుండి తాను తలపని నాదమును రాబట్టుకొన్నప్పుడును పరాజితుడు కాడు.