మూడోసారికి మెట్రిక్.. తల్లుల చేతికి ఫోలిక్ మాత్ర

ఎల్లారెడ్డిలో పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డిలో కాలేజీకో, కోచింగ్‌కో వచ్చే వాళ్లలో చాలామంది ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఓ మాత్రల స్ట్రిప్పు కనిపించే ఉంటుంది. అక్కకో, వదినకో నెల తప్పిందని తెలిశాక ఆశా కార్యకర్త తెచ్చి ఇస్తుంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు. పైసా ఖర్చు లేదు. అందుకేనేమో, వాటి వెనక ఏం కథ ఉందని ఎవరూ అడగరు.

ఆ కథలో మన తెలుగాయన ఒకరున్నారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. వైద్యం చదివినా పూర్తి పట్టా చేతికి రాలేదు. అమెరికా వెళ్లాక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ రోగుల బెడ్‌పాన్లు కడిగారు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినా పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ, పోయినసారి రాని ర్యాంకు ఈసారైనా వస్తుందా అని లోపల్లోపల భయపడుతున్న వాళ్లు ఈ జీవితం ఒకసారి చదవాలి. గెలుపు ఒక్కటే చూస్తే సరిపోదు. దానికి ఆయన, ఆయన ఇంట్లోవాళ్లు ఏం పోగొట్టుకున్నారో కూడా చూడాలి.

భీమవరం నుంచి బోస్టన్‌కు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఏడుగురు పిల్లలు, చాలీచాలని రాబడి. పదమూడేళ్ల వయసులో చదువు మీద మనసు లేక, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి పారిపోయారని చెబుతారు. తల్లి వెంకమ్మ ఊరుకోలేదు. వెనక్కి తీసుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ మొదటిసారి పోయింది, రెండోసారీ పోయింది. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు.

ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాస్ మెడికల్ కాలేజీ. మధ్యలో సన్యాసం తీసుకుందామని రామకృష్ణ మఠం వైపు చూశారు. చివరికి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కూతురు శేషగిరితో పెళ్లయింది. మామగారే చదువు ఖర్చు భరించారు. అవి గాంధీజీ పిలుపుతో విదేశీ బట్ట వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకునే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితం, ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. దాంతో మద్రాస్ మెడికల్ సర్వీస్ తలుపులు మూసుకుపోయాయి. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ గడిపారు.

అప్పటికే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఇది వస్తే పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి చిక్కి శల్యమైపోతాడు. దీనికి మందేమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న సుబ్బారావు మనసులో నాటుకుపోయింది.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు చెరికొంత సాయం చేశారు. 1922 అక్టోబర్‌లో బోస్టన్‌లో ఓడ దిగారు. రెండు మూడేళ్లలో తిరిగొస్తానని అనుకునే బయల్దేరారు. అప్పటికి శేషగిరి గర్భవతి.

ల్యాబ్‌లో పేరు, చేతిలో లేని ఉద్యోగం

హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదువుతూనే పొట్ట కోసం రాత్రిళ్లు ఆస్పత్రిలో కూలి పని చేశారు. తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. డిగ్రీలో బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి గుర్తుండే ఉంటుంది. నీలం రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. రికార్డు బుక్‌లో రాసుకున్న ఆ పేరులోని సుబ్బారావు ఈయనే.

ఆ కొలత చేతిలో ఉండటంతో పెద్ద విషయాలు బయటపడ్డాయి. కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో గుర్తించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే పని చేశారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. పేరొచ్చింది కానీ పర్మనెంట్ పోస్టు మాత్రం రాలేదు. 1940లో హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ పరిశోధన విభాగం డైరెక్టరయ్యారు.

బొంబాయి మిల్లు తల్లుల రక్తం

ఇక్కడ కొంచెం వెనక్కి, మన దేశానికి రావాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక వింత రక్తహీనత కనిపించేది. ఎర్ర రక్తకణాలు మామూలుకంటే పెద్దగా ఉబ్బిపోయి, సంఖ్యలో తగ్గిపోయేవి. కానుపు ముందో, తర్వాతో చాలామంది చనిపోయేవారు. విల్స్ వాళ్ల తిండిని గమనించారు. కోతుల మీద ప్రయోగాలు చేశారు. చివరికి చవకగా దొరికే ఈస్ట్ సారం పెడితే రక్తం పుంజుకుంటోందని 1931లో ప్రకటించారు. అందులో ఏదో ఉంది. అదేమిటో తెలియక దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అనేవారు.

పదేళ్ల తర్వాత, 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర ఆకుల్లోంచి ఒక పదార్థాన్ని తీశారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. అందుకే దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ టన్నుల ఆకు నుంచి చిటికెడు వస్తే ఎంతమందికి మందు ఇవ్వగలం? దాన్ని ల్యాబ్‌లో తయారుచేయాలి. ఆ పనికి పూనుకున్నది సుబ్బారావు నడిపిన లెడర్లీ బృందం. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించారు. ఆ పత్రం మీద 16 మంది పేర్లున్నాయి. వాటిలో సుబ్బారావు పేరు ఒకటి, అంతే.

వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. గర్భిణుల్లో వచ్చే ఆ రకం రక్తహీనతకూ ఇచ్చారు. రక్తం పుంజుకుంది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు సమాధానం వెతుకుతూ బయల్దేరిన మనిషి పని, ముక్కూమొహం తెలియని తల్లులకు కూడా మందై చేరింది.

కథ అక్కడితో ఆగలేదు. కడుపులో బిడ్డకు మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. చాలామందికి అప్పటికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను లోపంతో పుడుతుంది, లేదా బతకదు. అలాంటి బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులు మళ్లీ గర్భం దాల్చే ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఈ లోపాలు 72 శాతం తగ్గాయని 1991లో తేలింది. 7 దేశాల్లో, 33 కేంద్రాల్లో చేసిన అధ్యయనం అది. అందుకే గర్భం కోసం ప్లాన్ చేసుకునేటప్పుడే డాక్టరును కలిసి మాత్ర మొదలుపెట్టాలంటారు. నాలుగో నెల నుంచి 180 రోజులు, కానుపయ్యాక మరో 180 రోజులు, రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలన్నది మన ప్రభుత్వ కార్యక్రమం.

అదే మందును తిరగేస్తే

ఫోలిక్ యాసిడ్ లేనిదే కణం రెండుగా చీలలేదు. అయితే క్యాన్సర్ కణం విచ్చలవిడిగా చీలుతుంది కదా, దానికి ఫోలిక్ యాసిడ్ అందకుండా చేస్తే? చూడటానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని పని మాత్రం అడ్డుకునే మందులను సుబ్బారావు బృందం తయారుచేసింది. అలాంటి అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. దాని తమ్ముడిలాంటి మందే మెథోట్రెక్సేట్.

ఆడవాళ్ల జీవితాల్లో ఈ మందు చేసిన పని వేరే. కోరియోకార్సినోమా అని ఒక క్యాన్సర్ ఉంది. మాయ కణాల్లోంచి పుడుతుంది. ముత్యాల గర్భం తర్వాత ఎక్కువగా వస్తుంది. వచ్చేది పిల్లలు కనే వయసులోనే. అప్పట్లో గర్భసంచి తీసేయడం ఒక్కటే దారి. ఊపిరితిత్తులకు పాకితే చాలామంది ఏడాది తిరక్కుండానే పోయేవారు. అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ బృందం మెథోట్రెక్సేట్ ఇస్తే ఈ క్యాన్సర్ కరిగిపోతోందని 1956లో ప్రకటించింది. గడ్డకట్టిన క్యాన్సర్‌ను మందుతోనే నయం చేయొచ్చని ప్రపంచం నమ్మింది అప్పుడే. ఇంకో సంగతి, చాలామందికి గర్భసంచి తీసే అవసరం తప్పింది. వాళ్లలో ఎందరో తర్వాత పిల్లల్ని కన్నారు. గర్భం ట్యూబులో నిలిచినప్పుడు తొందరగా గుర్తిస్తే, ఆపరేషన్ లేకుండా ఇదే మందుతో ట్యూబును కాపాడే పద్ధతి 1982 తర్వాత వచ్చింది.

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు కడుపులో బిడ్డకు ప్రమాదం. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్లు పిల్లల కోసం అనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆయన చూడనివి

1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్ దగ్గర నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. ఫార్బర్ ఫలితం అచ్చయి రెండు నెలలే. 1956 ఆయన చూడలేదు, 1991 అసలే చూడలేదు.

ఇంకొకటి కూడా చూడలేదు. ఆయన బోస్టన్ చేరాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. మూడేళ్లలో వస్తానన్న మనిషి కోసం శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఎందరో తల్లుల ఒడి నింపిన పని ఆయన ఇంటిని ఖాళీగా ఉంచింది. ఇది గొప్పగా చెప్పుకునే త్యాగం కాదు, నష్టం. పనికోసం ఇంటిని పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆ నష్టం ఎవరి మీద పడుతుందో ముందే చూసుకోవాలని ఈ జీవితం చెబుతోంది.

మీ దారి ఎక్కడ మొదలవుతుంది?

ఈ రంగంలో పని ఇంకా చాలా ఉంది. క్యాన్సర్ చికిత్సలు కొన్ని అండాశయాలను దెబ్బతీస్తాయి. అందుకే చికిత్సకు ముందే అండాలను గడ్డకట్టించి దాచే పద్ధతి వచ్చింది. దాచిన అండం నుంచి తొలి కాన్పు 1986లో జరిగింది. దాచిన అండాశయ కణజాలాన్ని తిరిగి అమర్చాక తొలి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. వీటికి డాక్టర్లు ఒక్కరే సరిపోరు. ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టు కావాలి. పేషెంట్ల వివరాలు తప్పుల్లేకుండా నమోదు చేసే క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ కావాలి. లెక్కలు తేల్చే బయోస్టాటిస్టిషియన్, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ కావాలి. సంతాన సాఫల్య కేంద్రాలకు 2021లో చట్టం వచ్చింది. దాని నిబంధనలు ఎంబ్రియాలజిస్టుకు ఏ అర్హత ఉండాలో చెబుతున్నాయి. కోర్సులో చేరే ముందు అవి చదవండి. నెలరోజుల సర్టిఫికెట్‌కు లక్షలు కట్టేయొద్దు.

బీఎస్సీ బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బీఫార్మసీ చేసినవాళ్లకు పీజీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ఒక తలుపు. జేఆర్ఎఫ్ వస్తే మొదట్లో నెలకు రూ.37,000 ఫెలోషిప్. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ మూలాలు కూనూరులోనివే, లూసీ విల్స్ కొన్నాళ్లు పనిచేసింది కూడా కూనూరులోనే. ముంబైలో ఐసీఎంఆర్ వారి ప్రజనన, శిశు ఆరోగ్య పరిశోధన సంస్థ ఉంది. దగ్గర్లో చూస్తే భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్. 2023 సెప్టెంబర్‌లో కామారెడ్డికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది.

సుబ్బారావు చేతికి వచ్చిన పట్టా ఎప్పుడూ ఆయన కోరుకున్నది కాదు. దొరికిన ల్యాబ్‌లో, దొరికిన పనితో, మనసులో ఒకే ప్రశ్న పెట్టుకుని పాతికేళ్లు నడిచారు. ఈసారి ఇంట్లో ఆ మాత్రల స్ట్రిప్పు కనిపిస్తే వెనక్కి తిప్పి చదవండి. వదిన రోజూ వేసుకుంటోందా అని కూడా ఒక్కమాట అడగండి.