కెన్నెత్ ఆండర్సన్

కెన్నెత్ ఆండర్సన్ (మార్చి 8, 1910 - ఆగష్టు 30, 1974) దక్షిణ భారతదేశపు అడవులలో నరభక్షక మృగాలను వేటాడిన ప్రసిద్ధ వేటగాడు, ఆంగ్ల రచయిత. నాటి హైదరాబాదు సంస్థానంలోని బొల్లారంలో, ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడిన స్కాట్లండు మూలాలుగల కుటుంబంలో జన్మించాడు.

జీవితం

విద్యాభ్యాసం బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాల, సెయింట్ జోసెఫ్ కళాశాలలలో సాగింది. న్యాయశాస్త్రం చదవడానికి ఎడింబరో వెళ్ళి, మధ్యలోనే మానివేసి తిరిగివచ్చాడు. తపాలా తంతి శాఖలో 15 సంవత్సరాలు, తరువాత బెంగుళూరులోని విమాన కర్మాగారంలో పనిచేశాడు. వేట ఇతనికి జీవనోపాధి కాదు.

ప్రభుత్వ రికార్డుల ప్రకారం 1939 - 1966 మధ్య 8 నరభక్షక చిరుతలను, 7 నరభక్షక పులులను చంపాడు. వీటిలో గుమ్మలాపురం చిరుత 42 మందిని పొట్టనబెట్టుకున్నది. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, మామండూరు పులుల కథలు తెలుగు పాఠకులకు మరింత చేరువైనవి.

తుపాకి ఎంపిక

ఆండర్సన్ పేరు వినగానే గుర్తుకువచ్చేది .405 వించెస్టర్ రైఫిలు. 1895 నమూనాకు చెందిన ఈ తుపాకిని జాన్ బ్రౌనింగ్ రూపొందించగా, .405 తూటా 1904లో వచ్చింది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు దీనినే వెంట తీసుకువెళ్ళాడు.

క్యాలిబర్ అనగా గొట్టపు లోపలి వ్యాసం. .405 గుండు వ్యాసం 10 మిల్లీమీటర్లకు పైమాటే. బరువు 300 గ్రెయిన్లు, అనగా సుమారు 19 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 670 మీటర్లు. నరభక్షకి కోసం రాత్రివేళ మంచెపై కాచుకొన్నవానికి మృగం కనబడేది కొద్ది గజాల దూరంలో, అదీ టార్చిలైటు వెలుగులో క్షణకాలం మాత్రమే. అక్కడ దూరం పోయే గుండు కంటే, దగ్గరలో మృగాన్ని నిలువరించే బరువైన గుండు ముఖ్యం. పైగా మీటను క్రిందికిలాగి మూస్తే మరుతూటా సిద్ధమవుతుంది. అయితే పెద్ద క్యాలిబర్ ఒక్కటే చాలదు. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను చంపినది అంతకంటే చిన్నదైన .275 రైఫిలుతోనే. .405 దెబ్బ తిన్న మృగాలు కూడా పొదలలోకి పారిపోగా, ఆండర్సన్ రక్తపు జాడలవెంట కాలినడకన వెదుకవలసివచ్చింది.

గురితప్పిన దెబ్బ, చాలని తుపాకి ఎంత అనర్థం తెచ్చేవో ఇతని రచనలలో పదేపదే కనిపిస్తుంది. నాటు తుపాకి దెబ్బకు పులి చావదు, గాయపడుతుంది. కుంటిదై లేడిని తరుమలేక పశువులపైన, ఆపై మనుషులపైన పడుతుంది. పంటను, మందను కాపాడుకొనే రైతును తప్పుపట్టలేము. అతనికి అందుబాటులో ఉన్నది ఆ తుపాకియే. కాని ఆ గాయానికి మూల్యం చెల్లించినది తరచుగా మరో పల్లెవారు.

రచనలు, చివరి దశ

మొదటి పుస్తకం 'నైన్ మ్యాన్‌ఈటర్స్ అండ్ వన్ రోగ్' 1954లో వెలువడింది. తరువాత మరికొన్ని అడవి కథల సంపుటాలు వచ్చాయి. పులిని వర్ణించినంత శ్రద్ధగా పూజారులను, బండివాళ్ళను, అటవీ గార్డులను వర్ణించడం వీటి ప్రత్యేకత. తరువాతి కాలంలో వన్యప్రాణి సంరక్షణవైపు మొగ్గాడు. దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మరి రెండేళ్ళకు బెంగుళూరులో క్యాన్సరు వ్యాధితో ఆండర్సన్ మరణించాడు. 'జంగిల్స్ లాంగ్ అగో' ఇతని మరణానంతరం 1976లో ప్రచురితమైనది.