తెలుగు టాకీకి తొలి తల్లి: సురభి కమలాబాయి

నంద్యాల: ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పాతిక కిలోమీటర్లు కూడా ఉంటుందో లేదో. సంక్రాంతి పండుగ అయిపోగానే పార్వేట ఉత్సవం మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతుంది. ఈ ప్రాంతంలో పెరిగిన ముస్లిం పిల్లలకు కూడా పల్లకి వచ్చే రోజు తెలుసు. ప్రహ్లాదుడి కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోయినా అలా చెవిన పడిపోతుంది. తండ్రి హిరణ్యకశిపుడు, కొడుకు ప్రహ్లాదుడు, స్తంభం, నరసింహుడు అన్నీ గుర్తుంటాయి. ఆ తండ్రీకొడుకుల మధ్య నలిగిపోయిన తల్లి పేరు అడిగితే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు. ఆమె పేరు లీలావతి.

తెలుగులో మొదటి పూర్తి టాకీ కూడా ఇదే కథ. 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా కనిపించిన నటి సురభి కమలాబాయి. తెలుగు సినిమాకు తొలి కథానాయిక ఆమే. సినిమా కథలో లీలావతిని మరిచిపోయినట్టే సినిమా చరిత్రలో కమలాబాయినీ మనం దాదాపు మరిచిపోయాం.

బొమ్మల నుంచి మనుషుల దాకా

కమలాబాయి గురించి చెప్పాలంటే ముందు సురభి గురించి చెప్పాలి. మన పక్కనే ఉన్న కడప జిల్లాలో, చక్రాయపేట మండలంలో సురభి అనే చిన్న ఊరు ఉంది. మరాఠీ మాట్లాడే ఆరె కుటుంబాల వాళ్లు తోలుబొమ్మలాట ఆడుకుంటూ ఈ వైపు వచ్చి స్థిరపడ్డారు. 1885లో వనారస గోవిందరావు, ఆయన కుటుంబం ఆ ఊళ్లో ఒక పెళ్లి సందర్భంగా ‘కీచక వధ’ నాటకం వేశారు. బొమ్మలు ఆడించిన చేతులే రంగు పూసుకుని స్టేజీ ఎక్కాయి. ఊరి పేరే వాళ్ల నాటకాలకు పేరైపోయింది. తర్వాత కుటుంబం పెరిగింది, సమాజాలూ పెరిగాయి. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు ఊరూరా తిరిగాయి.

అప్పుడు పార్సీ కంపెనీలు హిందుస్తానీ నాటకాలతో దేశమంతా తిరుగుతున్నాయి. పెద్ద పెద్ద తెరలు, మెరుపులు, పాటలు వాళ్ల ప్రత్యేకత. ఆ గాలి తెలుగు నాటకానికీ తగిలింది. కానీ ఒక విషయంలో సురభి వాళ్లు అందరికంటే ముందున్నారు. ఆడ పాత్రలు ఆడవాళ్లే వేశారు. బయట చాలా సమాజాల్లో మగవాళ్లే చీర కట్టి నటించేవారు. స్టేజీ ఎక్కిన ఆడదాన్ని లోకం మంచి కంటితో చూసేది కాదు. సురభిలో అది ఇంటి పని. తల్లి, కూతురు, కోడలు, అత్త అందరూ ఒకే నాటకంలో ఉండేవారు. చుట్టూ ఉన్నది సొంత కుటుంబమే కాబట్టి వేరే రక్షణ అవసరం పడలేదు.

నేను చదివింది కామర్స్. అందుకని ఈ కుటుంబ సమాజం లెక్క చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. ఇక్కడ యజమాని, పనివాడు వేరు కాదు. పగలు తెర కుట్టిన మనిషే రాత్రికి రాజు. వచ్చిన టికెట్ డబ్బులో ముందు అందరి తిండి, తర్వాత బండ్ల కిరాయి, తెరలు, రంగులు. వాన పడితే ఆట లేదు, ఆట లేకపోతే రాబడి లేదు. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే ఇంకో నోరు వచ్చిందని అనుకోరు, ఇంకో పాత్రధారి వచ్చినట్టే.

స్టేజీ మీద పుట్టిన పాప

కమలాబాయి 1907 ఏప్రిల్ 4న పుట్టారు. తండ్రి కృష్ణాజీరావు. ఆమె పుట్టుక గురించి సురభి వాళ్లు తరతరాలుగా ఒక సంగతి చెప్పుకుంటారు. తల్లి నిండు గర్భిణి. ఆ రోజు దమయంతి వేషం వేశారు. నాటకం మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. అడవిలో దమయంతి పడే కష్టం కదా, జనం అది కూడా నటనే అనుకున్నారు. తెర దించేశారు. కాసేపటికి తెర వెనకే బిడ్డ పుట్టింది. అసలు సంగతి తెలిశాక చూసేవాళ్లు సంతోషంతో డబ్బులు చదివించారట. ఎంతవరకు జరిగిందో, ఎంత కథో గానీ, సురభి బతుకు ఎలాంటిదో ఈ ఒక్క సంగతిలో ఉంది. నెలలు నిండినా ఆ తల్లికి సెలవు లేదు.

నడక వచ్చిన కొన్నాళ్లకే కమలాబాయి బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి పిల్లల వేషాలు వేశారు. పెద్దయ్యాక ఆడ వేషాలతో పాటు మగ వేషాలూ వేశారు. పాట, పద్యం, మాట మూడూ ఆమెకు స్టేజీయే నేర్పింది. వేరే బడి లేదు.

మైకు ముందు లీలావతి

1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలైంది. మన దేశంలో మాట్లాడిన మొదటి సినిమా అది. తీసింది అర్దేశిర్ ఇరానీ, కథానాయిక జుబేదా. అదే ఏడాది అక్టోబర్ 31న టి.పి. రాజలక్ష్మి నటించిన ‘కాళిదాస్’ వచ్చింది. అందులో తమిళంతో పాటు తెలుగు కూడా వినిపించింది. దాన్ని తీసిన హెచ్.ఎం. రెడ్డే తర్వాత పూర్తిగా తెలుగులో సినిమా తీయడానికి పూనుకున్నారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ‘భక్త ప్రహ్లాద’ తీసుకున్నారు. నటులు కావాలంటే సురభి వైపు చూశారు. సురభి వాళ్లు బొంబాయి రైలెక్కారు.

హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడిగా కృష్ణారావు అనే పిల్లవాడు, లీలావతిగా కమలాబాయి. తర్వాత పెద్ద దర్శకుడైన ఎల్.వి. ప్రసాద్ ఇందులో చిన్న వేషం వేశారు. ఇరవై రోజుల లోపే, ఇరవై వేల రూపాయల లోపు ఖర్చుతో సినిమా పూర్తయిందని చెబుతారు.

ఇప్పుడు మనకు డబ్బింగ్ ఉంది, ప్లేబ్యాక్ ఉంది. అప్పుడు ఏమీ లేవు. నటించే మనిషే పాడాలి, అదీ అక్కడికక్కడే. మైకు ఎక్కడుంటే గొంతు అటు తిరగాలి. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి. చివరి వరుసలో కూర్చున్నవాడికి వినపడేలా పాడటం నేర్చుకున్న గొంతు, మూరెడు దూరంలో ఉన్న యంత్రానికి సరిపడా తగ్గాలి. ఇరవై నాలుగేళ్ల కమలాబాయి ఆ పని చేసి చూపించారు.

ఆ తర్వాత అదే 1932లో ‘పాదుకా పట్టాభిషేకం’, ‘శకుంతల’ వచ్చాయి. రెండింటిలోనూ యడవల్లి సూర్యనారాయణ సరసన ఆమే కథానాయిక. అంటే తెలుగు టాకీ నడక నేర్చుకున్న తొలి అడుగులన్నీ ఆమెతోనే పడ్డాయి. అటుపైన బొంబాయిలో సాగర్ సంస్థ పిలిచింది. అక్కడ హిందీ సినిమాల్లో నటించారు. మెహబూబ్ ఖాన్ 1935లో ‘అల్ హిలాల్’తో దర్శకుడైంది కూడా సాగర్‌లోనే. తెలుగు, మరాఠీ మధ్య పెరిగిన అమ్మాయి ఉర్దూ, హిందీ కలిసిన స్టూడియోలో నిలబడటం మామూలు విషయం కాదు.

మళ్లీ తల్లిగా

హీరోయిన్ వయసు దాటితే ఆడవాళ్లకు సినిమాలో మిగిలేది తల్లి వేషం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కమలాబాయి దానికీ వెనకాడలేదు. 1951 మార్చి 15న విజయా సంస్థ ‘పాతాళ భైరవి’ విడుదలైంది. దర్శకుడు తాడిపత్రి వాడైన కె.వి. రెడ్డి. ఎన్.టి. రామారావు వేసిన తోట రాముడికి తల్లిగా చేసింది కమలాబాయే. ఈ సినిమాను ఈ రోజుకీ జనం చూస్తున్నారు, డైలాగులు చెప్పుకుంటున్నారు. కొడుకు ఏ ప్రమాదంలో పడతాడోనని భయపడే ఆ పేద తల్లే మొదటి తెలుగు కథానాయిక అని చాలామందికి తెలీదు.

1971 మార్చి 30న ఆమె చనిపోయారు. ఇంకో ఐదు రోజులుంటే 64 నిండేవి. అదే ఏడాది ఫిబ్రవరి 21న స్థానం నరసింహారావు పోయారు. ఆడ వేషాలకు ఆయన పేరు చెప్పుకుంటారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆడ పాత్రలో మెప్పించిన మగాడు ఆయన, మగ పాత్రలో కూడా మెప్పించిన ఆడమనిషి ఈమె. ఇద్దరూ నెలన్నర లోపే వెళ్లిపోయారు. ఒకరి పేరు నాటకం తెలిసిన ప్రతి ఇంట్లో ఉంది, ఇంకొకరి పేరు క్విజ్ పోటీల్లో ఒక ప్రశ్నగా మిగిలింది.

మిగిలిందేమిటి?

‘భక్త ప్రహ్లాద’ ప్రింట్ ఇప్పుడు లేదు. ఆమె లీలావతిగా ఎలా పాడారో వినే దారి మనకు లేదు. సినిమా విడుదల తేదీ కూడా చాలా ఏళ్లు 1931 సెప్టెంబర్ 15 అనే రాసుకున్నాం. పరిశోధకుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తిరగేసి అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఎవరో ఒకరు ఓపిగ్గా వెతికారు కాబట్టి తేదీ దొరికింది. ఫిబ్రవరి 6 అంటే ఈ ప్రాంతంలో పార్వేట పల్లకి ఊళ్లు తిరిగే రోజులు.

మన ఇళ్లలో ఇప్పటికీ ఆడపిల్ల స్టేజీ ఎక్కుతానంటే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. హిందువుల ఇళ్లలోనూ అంతే, ముస్లింల ఇళ్లలో ఇంకొంచెం ఎక్కువ. వాళ్ల భయాన్ని తీసిపారేయలేం. కానీ సురభి వాళ్లు వందేళ్ల క్రితమే దానికి ఒక జవాబు చూపించారు. పిల్లను ఆపలేదు, ఇల్లంతా ఆ పిల్లతో పాటు స్టేజీ ఎక్కింది.

ఇంకో మాట. 2022లో మన నంద్యాల జిల్లా ఏర్పడింది ఏప్రిల్ 4నే, కమలాబాయి పుట్టినరోజున. అది కావాలని పెట్టిన తేదీ కాదు, అలా కలిసొచ్చింది. ఎలాగూ ఆ రోజు జిల్లా గురించి రాసుకుంటాం, మాట్లాడుకుంటాం. అహోబిలం ఉన్న జిల్లాలో, ఆ రోజున లీలావతి వేషం వేసిన మనిషిని కూడా ఒకసారి తలుచుకుంటే మన సొమ్మేం పోదు.