ధర్మవిచారకుడు ఆచార్య రాధాకృష్ణన్

కాళంగి నది ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట చెంగాళమ్మ ఆలయానికి ప్రసిద్ధి చెందిన పట్టణం. దీనికి ఉత్తరాన, నెల్లూరు జిల్లాలో సర్వేపల్లి అనే గ్రామం ఉంది. నైరుతి దిక్కున, నేటి తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో తిరుత్తణి క్షేత్రం ఉంది. సర్వేపల్లి ఒక మహనీయుని ఇంటిపేరుకు మూలం. తిరుత్తణి ఆయన జన్మస్థలం. పూర్వీకులు స్వగ్రామాన్ని విడిచి దక్షిణానికి తరలి వెళ్లినా, ఆ ఊరి పేరును మాత్రం ఇంటిపేరుగా నిలుపుకొన్నారు. ఆ తెలుగు కుటుంబంలో జన్మించి, దేశదేశాల విశ్వవిద్యాలయ వేదికలపై ధర్మాన్ని గురించి ప్రసంగించినవారే ఆచార్య సర్వేపల్లి రాధాకృష్ణన్.

ఆయన 1888 సెప్టెంబరు 5వ తేదీన వీరాస్వామి, సీతమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. సంసారం పెద్దది, ఆదాయం తక్కువ. రాధాకృష్ణన్ ప్రాథమిక విద్య తిరుత్తణిలో సాగింది. తరువాత తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలోను, వేలూరులోని ఊరీస్ కళాశాలలోను చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఉపకార వేతనాలే ఆయన చదువుకు ఆధారమయ్యాయి. తత్త్వశాస్త్రాన్ని ఆయన ఎంతో ఆలోచించి ఎన్నుకొన్నారని చెప్పలేము. బంధువు ఒకరు చదువు ముగించి తన తత్త్వశాస్త్ర గ్రంథాలను ఆయనకు ఇచ్చారు. పుస్తకాలు కొనుక్కొనే శక్తి లేని విద్యార్థికి ఆ గ్రంథాలే దారి చూపాయి.

ఆ కళాశాలలో ఆయనకు ఒక సవాలు ఎదురైంది. జగత్తు మిథ్య అని చెప్పే వేదాంతంలో నీతికి చోటు లేదని నాటి పాశ్చాత్య పండితులు కొందరు విమర్శించేవారు. లోకమే అసత్యమైతే లోకంలోని మంచిచెడ్డలకు విలువ ఎక్కడిదని వారి ప్రశ్న. బాల్యం నుండి తాను నమ్మిన ధర్మంపై వచ్చిన ఆ విమర్శ యువకుడైన రాధాకృష్ణన్ మనస్సును కలవరపరచింది. ఆయన కోపగించలేదు, మౌనం వహించనూ లేదు. మూలగ్రంథాలను శ్రద్ధగా అధ్యయనం చేసి, వేదాంతంలోని నీతిని గురించి 1908లో ఎం.ఏ. పట్టం కొరకు పరిశోధన వ్యాసం రచించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై సంవత్సరాలు. ఆయన ఆచార్యుడైన ఏ.జి. హాగ్ క్రైస్తవ మతబోధకుడే అయినా, శిష్యుని వాదనాపటిమను మెచ్చుకొన్నారు. అభిప్రాయభేదం ఉన్నచోట కూడా గౌరవం ఉండవచ్చునని రాధాకృష్ణన్ ఆ తరగతి గదిలోనే గ్రహించారు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన అధ్యాపక జీవితం ప్రారంభమైంది. కొంతకాలం రాజమహేంద్రవరంలో బోధించి, 1918లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1921లో ఆయన కలకత్తాకు బయలుదేరినప్పుడు మైసూరు విద్యార్థులు గుర్రాలను విప్పి, ఆయన కూర్చున్న బండిని తామే రైలు స్టేషను వరకు లాగారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన అధిష్ఠించినది మానసిక, నైతిక శాస్త్రాల ఆచార్య పీఠం. ఆయనను ఆహ్వానించినవారు ఆ విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన సర్ అశుతోష్ ముఖర్జీ.

అప్పటి నుండి ఆయన వాణి తరగతి గదిని దాటి సభావేదికలపై వినిపించసాగింది. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కళాశాలలో ఆయన చేసిన అప్టన్ ప్రసంగాలు మరుసటి సంవత్సరం గ్రంథరూపం ధరించాయి. హిందూధర్మం కేవలం విశ్వాసాల సమాహారం కాదని, అది ఒక జీవనవిధానమని ఆ ప్రసంగాల సారాంశం. ఆ తరువాత ఇంగ్లండులో ఆయన చేసిన హిబ్బర్ట్ ప్రసంగాలు కూడా విద్వాంసుల మన్ననలను పొందాయి. 1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనను ప్రాచ్యమతాలు, నీతిశాస్త్రాల స్పాల్డింగ్ ఆచార్య పీఠంలో నియమించింది. భారతీయుల తత్త్వంలో నీతి లేదన్న విమర్శకు ఇరవై ఏళ్ల వయస్సులో సమాధానం వెతికిన విద్యార్థి, మరో ఇరవై ఎనిమిది సంవత్సరాలకు పాశ్చాత్య విద్యాకేంద్రంలో నీతిశాస్త్రాచార్యుడు కావడం విశేషం.

ఈ మధ్యకాలంలో, 1931 నుండి 1936 వరకు, ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. తన భావాలతో ఏకీభవించేవారినే ఆయన చేరదీయలేదు. హుమాయూన్ కబీర్, హీరేంద్రనాథ్ ముఖర్జీ వంటి భిన్నభావాలు గల యువ మేధావులు వాల్తేరులో అధ్యాపకులయ్యారు. విశ్వవిద్యాలయమంటే భిన్నాభిప్రాయాలు నిర్భయంగా కలుసుకొనే చోటు అని ఆయన ఆచరణలో చూపారు.

ఆయన జీవితంలో 1942వ సంవత్సరం అగ్నిపరీక్ష వంటిది. అప్పటికి ఆయన పండిత మదనమోహన మాలవ్యా కోరికపై కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని స్వీకరించి మూడేళ్లు గడిచాయి. రెండవ ప్రపంచ సంగ్రామం భారతదేశపు తూర్పు సరిహద్దులను సమీపించింది. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం చెలరేగి, కాశీ విద్యార్థులు అనేకులు అందులో పాల్గొన్నారు. ఆగ్రహించిన ప్రాంతీయ ప్రభుత్వం విశ్వవిద్యాలయాన్ని యుద్ధ వైద్యశాలగా మార్చాలని తలపెట్టింది. రాధాకృష్ణన్ హుటాహుటిన ఢిల్లీకి వెళ్లి, వైస్రాయికి నచ్చజెప్పి ఆ ప్రయత్నాన్ని మాన్పించారు. విద్యార్థులను, విద్యాలయాన్ని కాపాడుకోవడం ఆయనకు ఆనాటి ధర్మమైంది.

ఆ 1942లోనే, శీతకాలంలో, ఆయన కలకత్తా, కాశీ విశ్వవిద్యాలయాలలో కమలా ఉపన్యాసాలు చేశారు. వీటి పేరు వెనుక ఒక విషాదగాథ ఉంది. కమల అశుతోష్ ముఖర్జీ కుమార్తె. ఆమె బాల్యంలోనే వితంతువు కాగా, సంప్రదాయవాదుల వ్యతిరేకతను లెక్కచేయక తండ్రి ఆమెకు పునర్వివాహం జరిపించారు. ఆమె అకాల మరణం తరువాత, ఆమె స్మృత్యర్థం ఆయన ఈ ఉపన్యాసాలను నెలకొల్పారు. తనను కలకత్తాకు పిలిపించిన పెద్దాయన కుమార్తె పేరిట ఏర్పడిన వేదికపై రాధాకృష్ణన్ ఎన్నుకొన్న అంశాలలో హిందూ సమాజంలో స్త్రీ స్థానం ఒకటి, యుద్ధం, అహింస మరొకటి. ఆ రోజుల్లో ప్రతి ఇంటిలోను, ప్రతి యువకుని మనస్సులోను మెదులుతున్న సమస్యలే అవి.

ధర్మానికి మూలమైన విలువలు శాశ్వతమైనవని, వాటిని ఆచరించే పద్ధతులు మాత్రం కాలానుగుణంగా మారక తప్పదని ఆయన వివరించారు. ఆచారం మనిషిని బాధించినప్పుడు దానిని ధర్మమని సమర్థించుకోవడం తగదన్నది ఆయన అభిప్రాయం. అహింసను ఉన్నతాదర్శంగా అంగీకరిస్తూనే, అసంపూర్ణమైన మానవ సమాజంలో దుర్మార్గాన్ని నిరోధించవలసి వచ్చే సందర్భాలను ఆయన దాచిపెట్టలేదు. సులభమైన సమాధానాలతో శ్రోతలను సంతోషపెట్టక, వారిని ఆలోచింపజేశారు. ఈ ఉపన్యాసాలు 1947లో గ్రంథంగా వెలువడ్డాయి. నిత్యజీవితంలోని చిక్కులకు నీతిసూత్రాలను అన్వయించి విచారించడాన్ని నేడు అనువర్తిత నీతిశాస్త్రం అంటున్నారు. ఆ విచారణ పండితుల గదులలో కాక, సభాముఖంగా జరగాలని ఆయన విశ్వసించారు.

స్వాతంత్ర్యానంతరం 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. విద్యాలయాలలో ప్రతిదినం కొంతసేపు మౌనధ్యానం ఉండాలని, పట్టవిద్యార్థులు మొదట వివిధ మత ప్రవక్తల జీవితాలను, తరువాత మతగ్రంథాలలోని సార్వజనీన భాగాలను, చివరకు మతతత్త్వ సమస్యలను చదవాలని ఆ సంఘం సూచించింది. ఏ ఒక్క మతాన్నో బోధించక, అన్నిటినీ ఎరిగి స్వయంగా ఆలోచించే పౌరులను తయారుచేయడమే ఆ సూచనల లక్ష్యం.

తరువాత ఆయన సోవియట్ యూనియన్‌లో భారత రాయబారిగా, 1952 నుండి ఉపరాష్ట్రపతిగా, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా దేశానికి సేవలందించారు. 1954లో భారతరత్న పురస్కారం లభించింది. రాష్ట్రపతి అయిన సంవత్సరం శిష్యులు, మిత్రులు జన్మదినోత్సవం జరుపుతామనగా, దానిని ఉపాధ్యాయ దినోత్సవంగా జరిపితే సంతోషిస్తానన్నారు. ఆనాటి నుండి సెప్టెంబరు 5వ తేదీ గురువులను స్మరించుకొనే దినమైంది. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో ఆయన పరమపదించారు.

ఒకవైపు శ్రీహరికోట రాకెట్ కేంద్రం, మరొకవైపు వలసపక్షులు విడిది చేసే పులికాట్ సరస్సు ఉన్న సూళ్లూరుపేట ప్రాంతపు విద్యార్థికి ఆయన జీవితం నేటికీ మార్గదర్శకమే. విజ్ఞానం ఎంతవరకు పోవాలి, ప్రకృతిని ఎంతవరకు కాపాడాలి, అభివృద్ధి ఫలం ఎవరికి దక్కాలి అన్న ప్రశ్నలు అతని ఇంటి ముంగిటనే ఉన్నాయి. వీటికి సిద్ధమైన సమాధానాలు ఏ గ్రంథంలోనూ దొరకవు. ఎదుటివాని విమర్శను ఓర్పుతో విని, మూలాలను శోధించి, నలుగురి ముందు నిర్భయంగా చర్చించి నిర్ణయానికి రావాలి. వేదాంతంపై వచ్చిన విమర్శకు ఇరవై ఏళ్ల రాధాకృష్ణన్ సమాధానం వెతికినది ఈ విధంగానే.