మందిచ్చిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు



యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికంలో పెరిగి, మెట్రిక్యులేషన్ మూడోసారికి పాసయ్యారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. మందులు కనిపెట్టాలనే పట్టుదలతో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే డుగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. 1948లో అది లోకానికి పరిచయమైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

పదేళ్లు తిరగకముందే జపాన్‌లో రక్తవిరేచనాల బాక్టీరియా టెట్రాసైక్లిన్‌కు లొంగడం మానేసింది. మందును తట్టుకునే జన్యువును ఒక బాక్టీరియా, ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. చక్రంలో పెట్టి, వేరే జాతి బాక్టీరియాకు కూడా అందిస్తుంది. మనుషులతో, నీళ్లతో ఆ జన్యువులు దేశాలు దాటుతున్నాయి. అవసరం లేకుండా మందు వాడినకొద్దీ అలాంటి బాక్టీరియాయే మిగిలి పెరుగుతుంది.

మన పాతబస్తీలో జ్వరం రాగానే డాక్టరు చీటీ లేకుండానే రెండు యాంటీబయాటిక్ మాత్రలు కొనేస్తుంటాం. నేనూ మింగినవాణ్ణే. జలుబుకు అవి పనిచేయవని పీజీకి వచ్చాకే తెలిసింది. మా ఇంట్లో అంతకుముందు చదివి చెప్పేవాళ్లు లేరు.

ఈ సెలవుల్లో ఇంటికెళ్లి మన అమ్మానాన్నలకు ఈ మాట చెబుదాం. సుబ్బారావుగారికి అదే మన నివాళి.