మన తొలి టెస్టు కెప్టెన్ కల్నల్ సి.కె. నాయుడు

మన పెన్షనర్ల ఇళ్ళలో క్రికెట్ చూడని మనుమడు లేడు. అయితే భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టుకు కెప్టెన్‌గా నిలిచినవారు తెలుగువారని ఆ పిల్లలలో ఎందరికి తెలుసునన్నది సందేహమే. వారే కల్నల్ కొఠారి కనకయ్య నాయుడు గారు. లోకానికి సి.కె. నాయుడు.

వీరి పూర్వులది మచిలీపట్నం. తాతగారు నారాయణస్వామి నాయుడు నాగపూరు చేరి న్యాయవాద వృత్తిలో పేరు, ఆస్తి సంపాదించారు. మన కథానాయకుడు 1895 అక్టోబరు 31న నాగపూరులోనే జన్మించారు. కలిగిన కుటుంబమే, లేమి ఎరుగరు. కాని ఆనాడు క్రికెట్‌లో పెత్తనం కలిగినవారిది కూడా కాదు. అది మహారాజులది, వారిపైన తెల్లదొరలది.

ఆ రోజుల్లో బొంబాయిలో జరిగే పెద్ద పోటీలో జట్లు మతాలవారీగా ఉండేవి. యూరోపియన్లు ఒక జట్టు, హిందువులు ఒక జట్టు, పార్సీలు, ముస్లిములు వేర్వేరు జట్లు. నాయుడు గారు 1916లో హిందూ జట్టులో చేరారు. మొదటి మ్యాచ్‌లో వారు చేసిన మొదటి పరుగులే సిక్సర్ రూపంలో వచ్చాయి. అదే జట్టులో పల్వంకర్ బాలూ అనే గొప్ప బౌలర్ చాలా ఏళ్ళు ఆడారు. దళితుడైనందున ఆయనకు కెప్టెన్ పదవి చివరిదాకా దక్కలేదు. తమ్ముడు విఠల్‌కు మాత్రం 1923లో దక్కింది. పుట్టుకను బట్టి మనిషిని తూచడం ఒక్క మన దేశపు జబ్బు కాదు. అమెరికాలో పెద్ద బాస్కెట్‌బాల్ లీగులోకి నల్లజాతి ఆటగాళ్ళను రానిచ్చింది 1950లో.

1926 డిసెంబరు 1న ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు గారు బ్యాటు పట్టారు. రెండు గంటల లోపే 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. బంతులు జింఖానా భవనం కప్పు మీద పడుతుంటే చెట్లెక్కి చూసిన జనం వెర్రెత్తిపోయారట. భారతీయులు తమతో సమానంగా ఆడగలరన్న నమ్మకం ఇంగ్లండు వారికి కుదరడానికి ఆ ఇన్నింగ్సు పెద్ద కారణం. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది, 1932లో మన జట్టు టెస్టు ఆడటానికి ఓడ ఎక్కింది.

ఓడ ఎక్కినప్పుడు కెప్టెన్ నాయుడు గారు కాదు. పోరుబందరు మహారాజు కెప్టెన్, లింబ్డీ సంస్థానపు కుమారుడు వైస్ కెప్టెన్. మహారాజు ఆ పర్యటనలో చేసిన పరుగులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయితే ఆయనకు తన శక్తి తెలుసు, అది చిన్న గుణం కాదు. టెస్టు దగ్గర పడేసరికి తాను తప్పుకొని నాయుడు గారికి చోటిచ్చారు. లింబ్డీ కుమారుడికి దెబ్బ తగిలింది. రాజు కానివాడి కింద ఆడమని కొందరు ఆటగాళ్ళు టెస్టు ముందు రాత్రి మొండికేశారనీ, పై నుండి గట్టి ఆదేశం వచ్చాకే దిగారనీ క్రికెట్ చరిత్రకారులు రాశారు. గనిలో పనిచేసిన మనకు ఇది తెలియనిది కాదు. హోదా ఎవరిదైనా, రూఫ్ చేసే చప్పుడు విని పక్కకు లాగేవాడి మాటే గ్యాంగు వింటుంది.

1932 జూన్ 25న లార్డ్స్‌లో ఆట మొదలైంది. 19 పరుగులకే ఇంగ్లండు 3 వికెట్లు పోయాయి. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్సులో మన జట్టులో ఎక్కువ పరుగులు, 40, కెప్టెన్‌వే. 158 పరుగులతో ఓడిపోయాము గాని తలవంపులు కాలేదు. ఆ పర్యటన మొత్తంలో నాయుడు గారు 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. మరుసటి ఏడు విజ్డెన్ వారు ఎంపిక చేసిన అయిదుగురు మేటి ఆటగాళ్ళలో వారి పేరు ఉంది.

1933-34లో ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చినప్పుడూ వారే కెప్టెన్. కాని 1936 పర్యటనకు పదవి విజయనగరం మహరాజకుమార్ విజయానంద గజపతిరాజు గారికి వెళ్ళింది. ఆయనా తెలుగువారే. క్రికెట్‌కు ధనం ధారపోసిన మాట నిజం, తర్వాత మంచి వ్యాఖ్యాతగానూ పేరు పొందారు. కాని ఆ మూడు టెస్టుల్లో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. జట్టు ముఠాలుగా చీలింది. లాలా అమరనాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపారు. నాయుడు గారిని అవమానించినవారికి జట్టులో చోటు దొరికిందన్న అపవాదు కూడా మిగిలింది. పదవి పోయినవాడు అదే జట్టులో మామూలు ఆటగాడిగా ఉండి, ఆ మాటలు పడుతూ ఆడటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. వారు ఓవల్‌లో తమ ఆఖరి టెస్టు ఆడారు. బంతి ఒంటికి బలంగా తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. టెస్టుల్లో వారి అత్యధిక స్కోరు అదే. ఆడినవి ఏడు టెస్టులే. మంచి వయసంతా మనకు టెస్టులు లేని కాలంలోనే గడిచిపోయింది.

ఇందూరు హోల్కర్ మహారాజు 1923లోనే వారిని పిలిపించి తమ సైన్యంలో కొలువిచ్చారు. కల్నల్ అన్నది ఆ కొలువులో వచ్చినదే. నాయుడు గారి చేతిలో హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిచింది. మొదటిసారి 1945-46లో, బరోడాపై ఫైనల్లో వారు 200 పరుగులు చేశారు. అప్పటికి యాభై నిండాయి. 1951-52 ఫైనల్లో బొంబాయి బౌలర్ ఫడ్కర్ బంతి తగిలి పళ్ళు ఊడితే, వాటిని పక్కకు నెట్టి ఆట సాగించారు. క్రమశిక్షణ విషయంలో కుర్రవాళ్ళకు వారంటే హడల్. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టినప్పుడు దానికీ నాయకత్వం వహించారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. క్రికెట్ ఆటగాళ్ళలో అది మొదట అందుకున్నది వారే.

మనలో చాలామందిని అరవై నిండగానే కంపెనీ దండ వేసి ఇంటికి పంపింది. నాయుడు గారు 61వ ఏట, 1956-57లో, ఉత్తరప్రదేశ్ కెప్టెన్‌గా రాజస్థాన్‌పై 84 పరుగులు చేశారు. మొత్తం మీద ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 11,825 పరుగులు, 411 వికెట్లు వారి ఖాతాలో ఉన్నాయి.

1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. 1994 నుండి క్రికెట్ బోర్డు జీవితకాల సేవకు ఇచ్చే పురస్కారం వారి పేరు మీదే ఉంది.